ఒకే అంకె - వేర్వేరు జీవితాలు: ప్రపంచ ప్రాంతాల సంతానోత్పత్తి రేట్ల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక స్త్రీకి సగటున ఎంతమంది పిల్లలు పుడతారో తెలిపే మొత్తం సంతానోత్పత్తి రేటు ఆధారంగా దేశాలను, ప్రాంతాలను పోల్చడం నేటి విధానచర్చల్లో పరిపాటి అయింది. ఒకే రేటు గల రెండు ప్రాంతాల వెనుక వివాహ వయసు, గర్భనిరోధక పద్ధతి, స్త్రీవిద్య, రాజ్యవిధానం పూర్తిగా భిన్నంగా ఉండవచ్చునని ఈ వ్యాసం వివరిస్తుంది. ముందుగా సంబంధిత పరిభాషను, గణన విధానాన్ని స్పష్టపరచి, ఆపై ఆఫ్రికా, ఐరోపా, తూర్పు ఆసియా, పశ్చిమాసియా అనుభవాలను పరిశీలించి, ఆ వెలుగులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ స్థితిని చర్చిస్తుంది.

కీలక పదాలు: సంతానోత్పత్తి రేటు, భర్తీ స్థాయి, వివాహ వయసు, కుటుంబ నియంత్రణ, జనాభా విధానం, ఆంధ్రప్రదేశ్.

1. ఉపోద్ఘాతం

"ఇద్దరు ముద్దు - ఆపై వద్దు" అన్న నినాదం తెలుగునాట ఊరూరా గోడలమీద కనిపించిన కాలం మరీ దూరమైనది కాదు. ఇద్దరికన్న ఎక్కువ సంతానం గలవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం నిర్దేశించింది. ముప్పై ఏళ్ళ తరువాత, 2024 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తొలగించే బిల్లులను ఆమోదించింది. ఒక తరం గడిచేలోగా ప్రభుత్వం మాట 'వద్దు' నుంచి 'కావాలి' వైపు మళ్ళింది. ఈ మలుపు వెనుక ప్రధానంగా వినిపించే ఆధారం ఒక అంకె. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం సంతానోత్పత్తి రేటు 1.7.

ఈ అంకెను జపాన్, దక్షిణ కొరియా, ఐరోపా దేశాల అంకెల సరసన నిలిపి, అక్కడి సమస్యే ఇక్కడికీ వచ్చిందని నిర్ధారించడం సులభం. అక్కడి పరిష్కారాలనే ఇక్కడా అమలు చేయాలనడం ఆ నిర్ధారణకు కొనసాగింపు. అయితే పోలిక సరైనదా కాదా అన్నది అంకెను చూసి తేల్చగల విషయం కాదు. ఆ అంకె ఏ విధంగా ఏర్పడిందో తెలియాలి. దాన్ని వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

2. పరిభాష - గణన విధానం

తెలుగు పత్రికల్లోను, పాఠ్యపుస్తకాల్లోను మూడు భావనలు తరచు కలగలిసిపోతుంటాయి. మొదటిది జననాల రేటు. ఒక ఏడాదిలో ప్రతి వెయ్యిమంది జనాభాకు ఎన్ని జననాలు జరిగాయో ఇది చెబుతుంది. జనాభాలో వృద్ధులు ఎక్కువగా ఉంటే ఈ రేటు సహజంగానే తగ్గుతుంది కాబట్టి వేర్వేరు వయోనిర్మాణం గల ప్రాంతాలను పోల్చడానికి ఇది సరిపోదు. రెండవది సంతానోత్పత్తి సామర్థ్యం. ఇది శరీరధర్మానికి సంబంధించినది, వైద్యుల పరిధిలోనిది. మూడవది సంతానోత్పత్తి రేటు. ఇది వాస్తవంగా జరిగిన జననాల లెక్క. రేటు తగ్గిందంటే స్త్రీలకు గర్భధారణ శక్తి తగ్గిందని అర్థం కాదు. ఆధునిక సమాజాల్లో ఈ తగ్గుదలకు ప్రధాన కారణం మనుషుల నిర్ణయాలు, పరిస్థితులే. ఈ పారిభాషిక చిక్కు తెలుగుకు మాత్రమే పరిమితమైనది కాదు. ఇంగ్లీషులో జననాల లెక్కకు 'ఫెర్టిలిటీ', శారీరక సామర్థ్యానికి 'ఫెకండిటీ' అన్న మాటలు ఉండగా, ఫ్రెంచిలో వాటికి సోదరపదాలైన 'ఫెర్టిలిటె', 'ఫెకోండిటె' సరిగ్గా తారుమారు అర్థాల్లో వాడుకలో ఉన్నాయి.

పత్రికలు టీఎఫ్ఆర్ అని వ్యవహరించే మొత్తం సంతానోత్పత్తి రేటును లెక్కించే తీరు ఇది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలను అయిదేసి సంవత్సరాల చొప్పున ఏడు వర్గాలుగా విభజిస్తారు. ఒక ఏడాదిలో ప్రతి వర్గంలోను వెయ్యిమంది స్త్రీలకు ఎన్ని జననాలు జరిగాయో లెక్కగట్టి, ఆ ఏడు రేట్లను కూడి, అయిదుతో గుణించి, వెయ్యితో భాగిస్తారు. ఫలితంగా వచ్చేది ఏ నిజమైన స్త్రీ చరిత్రా కాదు. ఈ ఏడాది వివిధ వయసుల స్త్రీలు కన్న తీరులోనే ఒక స్త్రీ తన ముప్పై అయిదేళ్ళ కాలాన్నీ గడిపితే ఆమెకు ఎంతమంది పుడతారన్న ఊహ మాత్రమే.

ఈ విషయం స్పష్టపడడానికి రెండు ఊహాత్మక ప్రాంతాలను తీసుకుందాం. మొదటి ప్రాంతంలో ఏడు వయోవర్గాల రేట్లు వరుసగా 40, 150, 100, 35, 12, 3, 0 అనుకుందాం. రెండవ ప్రాంతంలో అవి 2, 28, 90, 130, 70, 18, 2. రెండు వరుసల మొత్తమూ 340. కాబట్టి రెండు ప్రాంతాల సంతానోత్పత్తి రేటూ 1.7. అయితే మొదటి ప్రాంతంలో ముప్పై ఏళ్ళలోపు స్త్రీల రేట్లే మొత్తంలో 85 శాతం. రెండవ ప్రాంతంలో ఆ వాటా 35 శాతమే. మొదటిచోట సగటు ప్రసవ వయసు 25, రెండవచోట 32. అంటే నూరేళ్ళలో మొదటిచోట నాలుగు తరాలు గడిస్తే రెండవచోట మూడు తరాలకు కాస్త ఎక్కువ మాత్రమే గడుస్తాయి. చదువు, ఉద్యోగం, వివాహం, మాతృత్వం అన్నవి ఈ రెండుచోట్ల స్త్రీ జీవితంలో ఒకే క్రమంలో రావు. అంకె మాత్రం ఈ తేడాను చూపదు.

3. భర్తీ స్థాయి

ఒక తరం స్త్రీల స్థానాన్ని అంతేమంది కుమార్తెలు భర్తీ చేయడానికి అవసరమైన రేటును భర్తీ స్థాయి అంటారు. దీన్ని 2.1గా చెప్పడం ఆనవాయితీ. రెండుకు పైన ఆ 0.1 ఎందుకన్న ప్రశ్నకు సమాధానం జననాల్లోనే ఉంది. ప్రకృతి సహజంగా నూరుమంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు. అంటే నూరుమంది కుమార్తెలు పుట్టాలంటే 205 జననాలు జరగాలి. పుట్టిన ఆడపిల్లల్లో కొందరు తల్లి అయ్యే వయసుకు చేరకముందే మరణిస్తారు కాబట్టి ఇంకొంత కలపాలి. శిశుమరణాలు ఎక్కువగా ఉన్న సమాజాల్లో భర్తీ స్థాయి 2.1 కంటే ఎక్కువగా ఉంటుంది. లింగనిర్ధారణ, భ్రూణహత్యల వల్ల ఆడపిల్లల జననాలు తగ్గిన ప్రాంతాల్లోను అది పెరుగుతుంది. అన్ని దేశాలకూ 2.1 అనే ఒకే గీత గీసి పోల్చడం సౌకర్యంకోసం చేసే సరళీకరణ అని గుర్తుంచుకోవాలి.

4. ప్రపంచ ప్రాంతాల స్థితి

ఐక్యరాజ్యసమితి 2024 జనాభా అంచనాల ప్రకారం ప్రపంచ సగటు సంతానోత్పత్తి రేటు సుమారు 2.2. 1950 ప్రాంతంలో అది దాదాపు 5 ఉండేది. ఈ సగటు కింద ప్రాంతాల మధ్య దూరం చాలా ఉంది. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో సుమారు 4.3, లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతంలో 1.8, ఐరోపాలో 1.4 నమోదు కాగా, తూర్పు ఆసియాలో అది ఒకటి దరిదాపుల్లో ఉంది. మన దేశంలోనూ ఇంతటి వైవిధ్యమే కనిపిస్తుంది. 2019-21 సర్వేలో జాతీయ సగటు 2.0 కాగా బీహార్‌లో 3.0, ఉత్తరప్రదేశ్‌లో 2.4, కేరళ, తమిళనాడు, తెలంగాణల్లో 1.8, సిక్కింలో 1.1.

ఈ తేడాలకు కారణాలను క్రమబద్ధంగా పరిశీలించడానికి జనాభా శాస్త్రజ్ఞులు ఒక చట్రాన్ని రూపొందించారు. 1956లో కింగ్‌స్లీ డేవిస్, జుడిత్ బ్లేక్ దీనికి పునాది వేయగా, 1978లో జాన్ బోంగార్ట్స్ దాన్ని కొలవదగిన రూపంలోకి తెచ్చారు. సంపద, విద్య, మతం, ఆచారం వంటివన్నీ జననాలను నేరుగా ప్రభావితం చేయవు. వివాహం లేదా సహజీవనం ప్రారంభమయ్యే వయసు, గర్భనిరోధకాల వాడకం, గర్భస్రావాలు, చనుబాలు ఇచ్చే కాలంలో గర్భధారణ ఆలస్యం కావడం అనే కొన్ని సమీప కారణాల ద్వారానే అవి పనిచేస్తాయి. ఏ ప్రాంతంలో ఏ సమీప కారణం ప్రధానంగా పనిచేసిందో గుర్తిస్తే అంకె వెనుక ఉన్న జీవితం కనిపించడం మొదలవుతుంది.

5. తగ్గుదలకు వేర్వేరు దారులు

పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ ప్రపంచంలో అత్యధిక రేటు గల దేశాల్లో ఒకటి. గర్భనిరోధకాలు అందుబాటులో లేకపోవడమే దీనికి కారణమని భావించడం సహజం. అయితే 2012 నాటి సర్వేలో అక్కడి స్త్రీలు ఆదర్శమని చెప్పిన పిల్లల సంఖ్య వారికి వాస్తవంగా పుడుతున్న సంఖ్యకంటే ఎక్కువగా తేలింది. చిన్నవయసు వివాహాలు, శిశుమరణాల భయం, సేద్యంలోను పశుపోషణలోను పిల్లల శ్రమ అవసరం, ముసలితనంలో బిడ్డలు తప్ప మరో ఆసరా లేకపోవడం ఇందుకు నేపథ్యం. అలాంటిచోట మాత్రలు పంచినంత మాత్రాన రేటు తగ్గదు. బిడ్డ బతుకుతుందన్న నమ్మకం, ఆడపిల్ల బడిలో కొనసాగే అవకాశం ముందుగా ఏర్పడాలి.

ఫ్రాన్స్‌లో సంతానోత్పత్తి తగ్గుదల పద్దెనిమిదవ శతాబ్ది చివరలోనే మొదలైంది. పారిశ్రామికీకరణలో ముందున్న బ్రిటన్‌లో తగ్గుదల ఆరంభం కావడానికి ఆ తరువాత దాదాపు వందేళ్ళు పట్టింది. పరిశ్రమలు వచ్చాకే కుటుంబాలు చిన్నవవుతాయన్న సూత్రీకరణకు ఇది తొలి మినహాయింపు. నేడు ఫ్రాన్స్‌లో సగానికి పైగా జననాలు వివాహబంధానికి వెలుపలే జరుగుతున్నాయి. అక్కడ వివాహాలు తగ్గినంత మాత్రాన జననాలు అదే నిష్పత్తిలో తగ్గవు.

దక్షిణ కొరియాలో పరిస్థితి ఇందుకు భిన్నం. 1960 ప్రాంతంలో సుమారు 6 ఉన్న రేటు 2018లో ఒకటి కంటే దిగువకు, 2023లో 0.72కు పడిపోయింది. 2024లో స్వల్పంగా పెరిగి 0.75కు చేరింది. అక్కడ వివాహేతర జననాలు బహుస్వల్పం కాబట్టి వివాహాన్ని వాయిదా వేయడమంటే మాతృత్వాన్ని వాయిదా వేయడమే. ఇంటి ధరలు, పిల్లల ప్రైవేటు శిక్షణ ఖర్చులు, సుదీర్ఘమైన పనివేళలు, ప్రసవం తరువాత స్త్రీ ఉద్యోగ జీవితానికి కలిగే నష్టం, ఇంటిపనిలో అసమానత కలిసి ఈ వాయిదాను పెంచాయి. ప్రసవించే తల్లుల సగటు వయసు 33 దాటింది.

ఇరాన్ మరో దారిలో నడిచింది. 1980ల తొలి సగంలో ఆరుకు పైగా ఉన్న రేటు 2000 నాటికి రెండు దగ్గరకు చేరింది. 1989లో కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని పునరుద్ధరించడం, గ్రామీణ ఆరోగ్య గృహాల ద్వారా సేవలను ఉచితంగా అందించడం, ఆడపిల్లల విద్య విస్తరించడం ఇందుకు తోడ్పడ్డాయి. తరువాత ప్రభుత్వం ఆ విధానాన్ని తిరగదోడి అధిక సంతానాన్ని ప్రోత్సహించినా రేటు పూర్వస్థితికి రాలేదు. చైనాలో 1970ల ఆరంభంలో దాదాపు 5.8 ఉన్న రేటు, 'ఆలస్యంగా, ఎడంగా, తక్కువగా' అనే ప్రచారోద్యమ కాలంలో, అంటే ఒకే సంతానం నిబంధన రాకముందే, మూడు కంటే దిగువకు వచ్చింది. 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతి ఇచ్చినా ఆ దేశపు రేటు నేడు ఒకటి దరిదాపుల్లోనే ఉంది. కుటుంబం చిన్నదయ్యాక దాని చుట్టూ ఇల్లు, చదువు, ఉద్యోగం, ఆశలు అన్నీ ఆ పరిమాణానికే అమరిపోతాయి. నిబంధన తొలగించడంతో ఆ అమరిక మారదు.

6. ఒకే సంవత్సరం - రెండు దేశాలు

వార్షిక రేటును ఎంత జాగ్రత్తగా చదవాలో 1966 ప్రాంతపు రెండు ఉదాహరణలు చెబుతాయి. మన ప్రభవాది షష్టి సంవత్సరాల వలెనే జపానులోను అరవై ఏళ్ళ చక్రం ఉంది. మనకు పరాభవ నామ సంవత్సరమైన 1966, ఆ లెక్కలో 'హినోఎ ఉమా' అనే అగ్నితత్త్వపు గుర్రం సంవత్సరం. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్ల భర్తకు కీడు తెస్తుందన్నది అక్కడి మూఢనమ్మకం. 1965లో 2.14 ఉన్న రేటు 1966లో 1.58కి పడి, 1967లో 2.23కు లేచింది. అనేక కుటుంబాలు ఆ ఒక్క సంవత్సరాన్ని తప్పించుకున్నాయే గాని పిల్లల్ని కనాలన్న ఆలోచన మానుకోలేదు.

అదే 1966 అక్టోబరులో రుమేనియా ప్రభుత్వం 770వ డిక్రీ ద్వారా గర్భస్రావాలను దాదాపు నిషేధించింది. అప్పటివరకు అక్కడ సంతాన పరిమితికి అదే ముఖ్యసాధనం. 1.9 ఉన్న రేటు 1967లో ఒక్కసారిగా 3.7కు చేరింది. తరువాతి సంవత్సరాల్లో దంపతులు చట్టవిరుద్ధ మార్గాలు వెతుక్కోవడంతో అది క్రమంగా దిగజారి 1980ల తొలినాళ్ళకు రెండు దగ్గరకు వచ్చింది. రేటు పాత స్థితికి చేరింది గాని, రహస్య గర్భస్రావాల వల్ల మాతృమరణాలు ఐరోపాలోనే అత్యధిక స్థాయికి పెరిగాయి. అనాథాశ్రమాలు పిల్లలతో నిండిపోయాయి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలిన వెంటనే డిక్రీ రద్దయింది.

జపాను ఉదాహరణ కాలవ్యవధి ప్రభావాన్ని చూపుతుంది. జననాలు వాయిదా పడుతున్నంతకాలం, జీవితకాలంలో పుట్టే పిల్లల సంఖ్య మారకపోయినా, వార్షిక రేటు తక్కువగా కనిపిస్తుంది. 1998లో బోంగార్ట్స్, గ్రిఫిత్ ఫీనీ ఈ ప్రభావాన్ని సవరించే పద్ధతిని ప్రతిపాదించారు. రుమేనియా ఉదాహరణ నేర్పే పాఠం వేరు. అంకెను లక్ష్యంగా పెట్టుకుని స్త్రీ శరీరంపై అధికారం చెలాయిస్తే, అంకె కొంతకాలమే మాట వింటుంది. నష్టం మాత్రం తరతరాలు నిలుస్తుంది.

7. తెలుగు రాష్ట్రాల స్థితి

పై నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్ అంకెను పరిశీలిస్తే దాని ప్రత్యేకత స్పష్టమవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో 1992-93లో 2.6 ఉన్న రేటు 2005-06 నాటికే 1.8కి తగ్గింది. అదే స్థాయికి చేరిన కేరళలో 1991 జనగణన నాటికి స్త్రీల అక్షరాస్యత 86 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 33 శాతం లోపే. స్త్రీవిద్య పెరిగితేనే రేటు తగ్గుతుందన్న సాధారణ సూత్రానికి తెలుగునేల ఒక మినహాయింపుగా నిలిచింది.

ఈ తగ్గుదల ప్రధానంగా ఒకే సాధనం ద్వారా జరిగింది. అది స్త్రీలకు చేసే కు.ని. శస్త్రచికిత్స. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. పురుషుల శస్త్రచికిత్స వాటా ఒక శాతం కూడా లేదు. మాత్రలు, లూప్, నిరోధ్ వంటి తాత్కాలిక పద్ధతుల వాడకం అతి స్వల్పం. మన ఇళ్ళలో 'ఆపరేషను అయిందా?' అన్న ప్రశ్నకు ఏ విశేషణమూ అక్కరలేకుండానే అర్థం తెలియడం ఈ స్థితికి భాషాపరమైన సాక్ష్యం. ఒక సామాన్యనామం ఒకే శస్త్రచికిత్సకు రూఢి కావాలంటే ఆ అనుభవం ఇంటింటా ఉండాలి.

ఇక వివాహ వయసు. అదే సర్వేలో 20-24 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 29 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే వివాహమైనట్లు తేలింది. తెలంగాణలో ఈ వాటా సుమారు 23 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో ఇంచుమించు ఎనిమిదిమందికి ఒకరు అప్పటికే తల్లి అయ్యారు లేదా గర్భవతిగా ఉన్నారు. జాతీయ సగటు ఇందులో దాదాపు సగమే. చిన్నవయసులో పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆపై శస్త్రచికిత్స అన్న క్రమంలో ఎందరో స్త్రీలకు ముప్పై నిండకముందే సంతాన ఘట్టం ముగిసిపోతుంది. రెండవ విభాగంలోని మొదటి ఊహాత్మక ప్రాంతానికి ఈ క్రమం దగ్గరగా ఉంది. కొరియా, ఫ్రాన్స్‌ల వయోక్రమం రెండవదానికి దగ్గరగా ఉంది. కొరియా స్త్రీ తొలి బిడ్డ గురించి ఆలోచించే వయసుకు తెలుగు స్త్రీ చివరి బిడ్డను కని, తలుపు మూసుకుని, ఏళ్ళు గడిచి ఉంటాయి.

8. విధానపరమైన పర్యవసానం

ఈ తేడా వల్ల రెండు ముఖ్యమైన పర్యవసానాలు ఉన్నాయి. మొదటిది ప్రోత్సాహకాలకు సంబంధించినది. తూర్పు ఆసియాలోను ఐరోపాలోను మరో బిడ్డకు నగదు, సెలవులు, శిశు సంరక్షణ వంటి సదుపాయాలు కల్పించే విధానాలు, నిర్ణయం ఇంకా స్త్రీ చేతిలో ఉందన్న ఊహపై నిర్మితమైనవి. శాశ్వత శస్త్రచికిత్సే ప్రధాన పద్ధతిగా ఉన్నచోట ఆ ఊహ చాలావరకు వర్తించదు. వర్తించే కొత్తగా పెళ్ళయిన యువతులకు ముందుగా కావలసింది బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం పాటించే తాత్కాలిక పద్ధతులు, చదువు లేదా ఉద్యోగం వదులుకోనవసరం లేని పరిస్థితులు.

రెండవది ఇంకా సున్నితమైనది. బాల్యవివాహాలు తగ్గి, ఆడపిల్లల వివాహ వయసు పెరిగితే, జననాలు వాయిదా పడతాయి. కాలవ్యవధి ప్రభావంవల్ల ఆ కొన్నేళ్ళపాటు రాష్ట్ర సంతానోత్పత్తి రేటు 1.7 కంటే ఇంకా తగ్గే అవకాశం ఉంది. అంటే ఆడపిల్లకు మేలు జరిగిన సంవత్సరాల్లోనే అంకె మరింత కుంగినట్లు కనిపిస్తుంది. అంకెను పెంచడమే ధ్యేయమైతే ఈ మేలు కూడా నష్టంగా తోస్తుంది. పదిహేడేళ్ళ పిల్ల ప్రసవం ఆ లెక్కకు 'తోడ్పాటు'గా మారుతుంది. తులనాత్మక గణాంకాలను వివేకంతో చదవకపోతే ఎదురయ్యే అసలు ప్రమాదం ఇదే.

వృద్ధుల సంఖ్య పెరగడం, శ్రామికుల కొరత వంటి ఆందోళనలు నిరాధారమైనవి కావు. లోక్‌సభ స్థానాల పునర్విభజనకు సంబంధించిన భయమూ వాస్తవమే. రాష్ట్రాలవారీ సీట్ల కేటాయింపును 1971 జనాభా లెక్కలకు పరిమితం చేసిన రాజ్యాంగ నిబంధనను 84వ సవరణ 2026 తరువాత జరిగే తొలి జనగణన వరకు మాత్రమే పొడిగించింది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోరాదన్న వాదానికి న్యాయం ఉంది. అయితే అది రాజ్యాంగ చర్చ ద్వారా తేలవలసిన సమాఖ్య సమస్య. దాని భారాన్ని స్త్రీల గర్భాలపై మోపడం సబబు కాదు.

9. ముగింపు

మొత్తం సంతానోత్పత్తి రేటు ఉపయోగకరమైన కొలమానమే. ఏ ప్రాంతం ఏ దిశలో సాగుతోందో అది సంగ్రహంగా చెబుతుంది. అయితే అదొక కూడిక ఫలితం. కూడికలో చేరిన వయసులు, పద్ధతులు, కారణాలు ఫలితంలో కనిపించవు. నైజర్‌లో అధిక రేటు వెనుక అభద్రత, కొరియాలో అల్పరేటు వెనుక వాయిదాపడిన వివాహాలు, ఇరాన్ తగ్గుదల వెనుక గ్రామీణ ఆరోగ్యసేవలు, తెలుగు రాష్ట్రాల తగ్గుదల వెనుక పసితనపు పెళ్ళిళ్ళు, త్వరగా ముగిసిన మాతృత్వం ఉన్నాయి.

కాబట్టి రెండు ప్రాంతాల రేట్లను పోల్చే పరిశోధకులు రేటుతో పాటు కనీసం మూడు అంశాలను జతచేయడం అవసరం. అవి జననాల వయోవిభజన, గర్భనిరోధక పద్ధతుల స్వరూపం, కోరుకున్న సంతానానికీ పుట్టిన సంతానానికీ మధ్య అంతరం. ఈ మూడింటినీ చూపే పట్టిక ఒక్క అంకెకన్న చదవడానికి కష్టమే. అయినా 'వద్దు' అన్న కాలంలోను, 'కావాలి' అంటున్న కాలంలోను ఎవరూ ఆమెను అడగని ప్రశ్న ఆ పట్టికలోనే ఉంది: ఎంతమంది, ఎప్పుడు, ఏ పరిస్థితుల్లో అన్నది నిర్ణయించుకునే అవకాశం ఆమెకు ఉన్నదా?